చిత్రావతి ఒండ్రు: ధర్మవరం ప్రాంతపు సాగునేల చరిత్ర

ఒండ్రు నేల అనగానే మన విద్యార్థుల్లో చాలామందికి కోనసీమ, దివిసీమ గుర్తుకు వస్తాయి. తప్పు వారిది కాదు. మన పాఠ్యపుస్తకాలు కృష్ణా, గోదావరి డెల్టాల దగ్గర ఒండ్రు సంగతి ముగించి, రాయలసీమకు వచ్చేసరికి ఎర్రనేల, నల్లరేగడి, కరువు అనే మూడు మాటలతో సరిపెడతాయి. ధర్మవరం, బుక్కపట్నం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాల్లో మెట్ట ఎక్కువ, వాన తక్కువ అన్నది నిజమే. పూర్వపు అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అయినా ఇదే ప్రాంతంలో శతాబ్దాలుగా వరి పండింది, చెరకు పండింది, తరువాతి కాలంలో మల్బరీ తోటలు పెరిగాయి. అవి ఏ నేల మీద పెరిగాయి, ఆ నేల ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగితే సమాధానం కోసం చిత్రావతి ఒడ్డుకు వెళ్ళాలి.

ఈ భాగంలో మనం పరిశీలించేది ఆ ఒడ్డు నేలనే. ముందే ఒక మాట చెప్పాలి. డెల్టాలో నది తెచ్చిన ఒండ్రు మీద రైతు వ్యవసాయం చేశాడు. చిత్రావతి దగ్గర నది తెచ్చింది కొంతే. మిగిలినదాన్ని మనుషులు కట్ట వేసి, నీటిని నిలబెట్టి, అడుగున చేరిన మట్టిని బండ్లతో పొలాలకు తోలి తయారు చేసుకున్నారు. కాబట్టి ఈ నేల లక్షణాలను భూసార శాస్త్రం వివరించినంతగా చరిత్ర కూడా వివరిస్తుంది.

నది ఏ రాయిని అరగదీస్తే ఆ నేల

కృష్ణా, గోదావరి నదుల ఎగువ భాగాలు దక్కన్ నల్లరాతి పీఠభూమి మీదుగా ప్రవహిస్తాయి. ఆ బసాల్ట్ రాయి శిథిలమైతే ఎక్కువగా బంకమట్టి వస్తుంది. అందుకే ఆ డెల్టాల ఒండ్రు నల్లగా, జిగటగా, బరువుగా ఉంటుంది. చిత్రావతి కథ వేరు. అది కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం కొండల్లో పుట్టి, బాగేపల్లి మీదుగా మన వైపు వచ్చి, పుట్టపర్తి, బుక్కపట్నం, ధర్మవరం ప్రాంతాలు దాటి గండికోట దగ్గర పెన్నలో కలుస్తుంది. దారిలో అది అరగదీసే రాయి చాలావరకు గ్రానైటు, నైస్. రామగిరి వైపు మాత్రం వేరే రాతి పట్టీ ఒకటి ఉంది, బంగారు గనుల వల్ల దాని పేరు మీరు వినే ఉంటారు.

గ్రానైటులో ముఖ్యంగా రెండు ఖనిజాలను గమనించాలి. ఒకటి క్వార్ట్జ్, అంటే పలుగు. అది కరగదు, చివికిపోదు, చిన్న ముక్కలై ఇసుకగా మిగులుతుంది. రెండోది ఫెల్డ్‌స్పార్. అది నెమ్మదిగా మారి బంకమట్టి అవుతుంది, ఆ క్రమంలో పొటాష్‌ను విడుదల చేస్తుంది. చిత్రావతి ఒడ్డు నేలలో ఇసుక పాలు ఎక్కువగా ఉండడానికీ, పొటాష్‌కు సాధారణంగా కొరత లేకపోవడానికీ కారణం ఇదే.

రాయి ఒక్కటే కాదు, నీటి నడక కూడా నేలను నిర్ణయిస్తుంది. చిత్రావతి ఏడాదంతా పారే నది కాదు. ఈ ప్రాంతంలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వానలు ఎక్కువ. అప్పుడు వంకలన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి, నది కొద్ది గంటల్లో పొంగుతుంది, అంతే వేగంగా తగ్గుతుంది. వేగంగా పోయే నీరు పెద్ద రేణువులను కూడా మోయగలదు. గట్టు దాటి పొలాల మీద పరచుకోగానే వేగం పడిపోతుంది, ముందు ఇసుక కింద పడుతుంది. ఇంకొంచెం దూరం పోయాక సన్నని ఒండ్రు దిగుతుంది. 0.002 మిల్లీమీటరు కంటే చిన్నవైన బంక రేణువులు నీరు పూర్తిగా నిలిచిన పల్లంలోనే దిగుతాయి. అందుకే నది గట్టుకు ఆనుకుని ఉన్న నేల కాస్త మెరకగా, ఇసుక కలిసి గుల్లగా ఉంటుంది. దాన్ని రైతులు ఇసుక గరప అంటారు. దూరం జరిగేకొద్దీ పల్లం వస్తుంది, మట్టి చిక్కనవుతుంది. ఒకే రైతుకు చెందిన రెండు మడుల్లో ఈ తేడా కనిపించడం ఇక్కడ మామూలే.

చరిత్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించే లక్షణం మరొకటి ఉంది. మామూలు నేలలో లోతుకు పోయేకొద్దీ సేంద్రియ పదార్థం క్రమంగా తగ్గుతుంది. వరద నేలలో అలా తగ్గదు. ఒక అడుగు కింద తక్కువగా, ఇంకో అడుగు కింద మళ్ళీ ఎక్కువగా కనిపిస్తుంది. కారణం, ఒకప్పుడు పైన ఉన్న నేల తరువాతి వరద మట్టి కింద పూడిపోవడమే. బావి తవ్వినప్పుడు గోడలో ఇసుక చార, నల్లమట్టి చార, మళ్ళీ ఇసుక చార కనిపిస్తే, ప్రతి చార ఒక వరదనో, వరదలు రాని ఒక కాలాన్నో చెబుతుంది. మనం శాసనాలను చదివినట్టే ఈ గోడనూ చదవవచ్చు. ఒక్క తేడా ఏమిటంటే, దానిమీద సంవత్సరం రాసి ఉండదు.

సాగుకు ఈ నేల ఇచ్చే మేలు ఏమిటో చూద్దాం. లోతు ఉంటుంది, నాగలి సులభంగా దిగుతుంది, వేరు అడ్డు లేకుండా పోతుంది, భూగర్భజలం దగ్గరగా దొరుకుతుంది. చుట్టుపక్కల ఎర్రనేలల్లో కొద్ది లోతులోనే గరుసు, రాయి తగులుతాయి కాబట్టి ఈ లోతు విలువ ఇక్కడి రైతుకు బాగా తెలుసు. లోపాలూ ఉన్నాయి. నత్రజని, సేంద్రియ పదార్థం తక్కువ. ఇసుక ఎక్కువైనచోట నీరు, ఎరువు రెండూ కిందికి జారిపోతాయి. పల్లంలో నీరు ఇంకక నిలిచినచోట లవణాలు పైకి తేలి చౌడు పడుతుంది. తెల్లటి ఉప్పు పొర కనిపించేది పాలచౌడు. దాన్ని మంచినీటితో కడిగి, మురుగు తీసివేస్తే బాగుపడుతుంది. నల్లగా, తడిస్తే జారుడుగా, ఎండితే రాయిలా ఉండేది కారుచౌడు. దానికి జిప్సం వేయనిదే నీటితో కడిగినా ప్రయోజనం లేదు. రైతులు ఈ రెండింటినీ వేరువేరు పేర్లతో పిలవడం ఊరికే జరగలేదు.

మీ దగ్గర ప్రయోగశాల లేకపోయినా ఒక పరీక్ష చేయవచ్చు. గుప్పెడు మట్టిని తడిపి ముద్ద చేయండి. ముద్ద కట్టకపోతే అది ఇసుక నేల. ముద్ద కట్టి, బొటనవేలితో నొక్కి రిబ్బనులా సాగదీయబోతే వెంటనే తెగిపోతే గరప. పొడుగ్గా సాగి మెరిస్తే బంకనేల. బ్రిటిష్ కాలపు సెటిల్‌మెంటు ఉద్యోగులు కూడా పొలంలో చేతి వేళ్ళనే నమ్ముకున్నారు. వారి దగ్గరకు తరువాత వద్దాం.

చెరువు చేసిన ఒండ్రు

పల్లంలో నీరు నిలిస్తేనే సన్నని మట్టి దిగుతుందని చూశాం. పొంగి రెండు రోజుల్లో పోయే నది దగ్గర నీరు నిలిచే చోటు సహజంగా తక్కువ. ఈ కొరతను తీర్చింది చెరువు. చెరువును మనం నీటి నిల్వగా మాత్రమే చూస్తాం. నేల చరిత్ర దృష్టితో చూస్తే అది మట్టిని వడకట్టే తొట్టి కూడా. నీరు లోపలికి వచ్చే చోట ఇసుక మేట వేస్తుంది, కట్ట దగ్గరి లోతులో నల్లటి మెత్తని మట్టి దిగుతుంది. పరివాహక ప్రాంతంలోని గొర్రెల మంద ఎరువు, రాలిన ఆకు, పొలాల పైమట్టి అన్నీ అక్కడికే చేరతాయి. ఆ పూడిక మట్టిని వేసవిలో తవ్వి ఎర్రనేలకు తోలితే ఆ నేలకు బంక పాలు పెరుగుతుంది, తేమ నిలిచే శక్తి వస్తుంది, కొంత నత్రజని అందుతుంది. తూము కింద ఆయకట్టు నేల కూడా ఏటా సన్నని మట్టి నీటితో తడిసి క్రమంగా మారిపోయింది. ఒక్కమాటలో చెరువు కింద ఉన్నది మనిషి చేసిన వరద మైదానం.

పాత అనంతపురం జిల్లాలోని పెద్ద చెరువుల్లో బుక్కపట్నం, ధర్మవరం చెరువులు రెండూ చిత్రావతి నీటిమీద ఆధారపడినవే. ధర్మవరం చెరువును క్రియాశక్తి ఒడెయరు కట్టించాడని, తన తల్లి ధర్మాంబ పేరు మీద ఊరికి ఆ పేరు పెట్టాడని స్థానిక సంప్రదాయం చెబుతుంది. ఊరి పేరు, చెరువు పుట్టుక ఒకే కథలో కలిసి ఉండడం గమనించదగ్గది. చెరువు లేకుండా ఊరు లేదని ఆ కథ చెప్పిన తరాలకు స్పష్టంగా తెలుసు.

సంప్రదాయం కంటే గట్టి ఆధారాలు కావాలంటే రెండు శాసనాలు చూడాలి. మొదటిది 1388 నాటిది, హిందూపురానికి ఎగువన గౌరిబిదనూరు ప్రాంతంలో దొరికింది. పెన్నానదిని పెనుకొండకు తీసుకురమ్మని ప్రతాప బుక్కరాయలు జలసూత్ర నిపుణుడైన సింగాయభట్టును ఆదేశించాడని, ఆయన సిరువెర చెరువుకు కాలువ తవ్వించాడని, ఆ కాలువకు రాజు పేరు పెట్టాడని అది తెలుపుతుంది. శాసనంలో పెన్న పేరు హెన్నె అని ఉంది. నదిని చెరువుకు కలపడం అంటే నీటితోపాటు నది మోసే మట్టిని కూడా మళ్ళించడమే. రాజు అడిగింది నీళ్ళే కావచ్చు, పొలానికి చేరింది రెండూ.

రెండోది కడప జిల్లా పోరుమామిళ్ళ శాసనం, 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, అంటే భవదూరుడు, కట్టించిన చెరువు గురించిన సంస్కృత శాసనం ఇది. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు రెండేళ్ళు పనిచేసినట్టు అందులో ఉంది. మనకు మరింత ముఖ్యమైనది, మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను అది వరుసగా చెప్పడం. గట్టి మట్టి ఉన్న నేల అంగాల్లో ఒకటి. దోషాల్లో కట్ట నుంచి నీరు ఊటలెత్తడం ఒకటైతే, చౌడు నేల మరొకటి. నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం కూడా దోషాలే. 650 ఏళ్ళ కిందట ఒక చెరువును రాయి కొలతలతో మాత్రమే కాకుండా నేల స్వభావంతో, నీటికి నేలకు మధ్య ఉండవలసిన నిష్పత్తితో అంచనా కట్టారన్నమాట. మన సాంకేతిక చరిత్ర రచనల్లో ఈ శాసనానికి దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదని నా అభిప్రాయం.

చెరువు కట్టడం ఒక ఎత్తు, దాన్ని పూడకుండా కాపాడడం ఇంకో ఎత్తు. రాయలసీమలో దీనికి దశబంధం అనే ఏర్పాటు విస్తృతంగా ఉండేది. చెరువు కట్టించినవారికి, లేదా దాని మరమ్మతు బాధ్యత తీసుకున్నవారికి ఆ చెరువు కింద భూమిలోనో, శిస్తులోనో కొంత భాగం, పేరును బట్టి పదోవంతు, ఇనాముగా దక్కేది. నీటిని మడులకు పంచే నీరుగంటికి గ్రామంలో వేరే మాన్యం ఉండేది. ఈ ఏర్పాట్లను ఆదర్శంగా చిత్రించనవసరం లేదు. తూముకు దగ్గరి మడులు ఎవరివి, చివరి మడులు ఎవరివి అన్నది కులం, ఆస్తి నిర్ణయించిన సంగతి. పార పట్టి మట్టి తీసిన చేతులకు ఆ మట్టి చేరిన పొలంలో వాటా ఉండడం అరుదు.

సర్కారు లెక్కల్లో మట్టి

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. పొలాలను గొలుసుతో కొలిపించి మెట్ట, మాగాణి, తోట అని విడదీసి శిస్తు మదింపు చేయించాడు. మట్టి మీద పన్ను వేయాలంటే మట్టిని తెలుసుకోవాలి కాబట్టి నేల గురించిన వివరమైన పరిశీలన ఇక్కడ రెవెన్యూ అవసరంగా మొదలైంది.

1807 ఆగస్టులో మన్రో పంపిన నివేదిక చదవదగ్గది. సర్వే మదింపు బరువుగా ఉందని ఆయనే ఒప్పుకుని అన్ని భూములకు 25 శాతం తగ్గించమన్నాడు. బావుల నుంచి గాని, నదులు, వంకల నుంచి గాని నీరు తోడుకుని సాగుచేసే భూములకు మరో 8 శాతం, మొత్తం 33 శాతం తగ్గించమన్నాడు. షరతు ఏమిటంటే ఆ బావులను, కట్టలను రైతులే తమ ఖర్చుతో బాగుచేసుకోవాలి. చిన్న చెరువుల మరమ్మతు భరించడానికి రైతులు ఒప్పుకున్నచోట వారికీ ఇదే రాయితీ. నది ఒడ్డు మెరకలో కపిలె బావి కింద తోట వేసుకున్న రైతు శ్రమకు ఒక ధర కట్టిన ప్రతిపాదన ఇది. ఆ రోజుల్లో కంపెనీ దాన్ని పక్కన పెట్టి గ్రామాలను కౌలుకు ఇచ్చింది. 1820లో మన్రో మద్రాసు గవర్నరు అయిన తరువాతే రైత్వారీ తిరిగి వచ్చింది.

పందొమ్మిదో శతాబ్ది రెండో సగంలో మద్రాసు సెటిల్‌మెంటు శాఖ నేలలను ఇంకా సూక్ష్మంగా విడదీసింది. ఒండ్రు నేలలు, మనిషి చేతిలో శాశ్వతంగా మెరుగుపడిన నేలలు కలిపి ఒక ప్రత్యేక శ్రేణి. తరువాత రేగడి, ఎర్రనేల, సున్నపు నేల, ఇసుక నేల. ఒక్కొక్కదానిలో బంక, గరప, ఇసుక పాళ్ళను బట్టి ఉపవిభాగాలు. వీటిమీద నీటి వసతిని కూడా చూసి తరం నిర్ణయించేవారు. మీ మండల రెవెన్యూ కార్యాలయంలో డైగ్లాట్ అనే పాత రిజిస్టరు చూసే అవకాశం వస్తే, సర్వే నంబరు ఎదుట నేల తరగతి, తరం అంకెలు కనిపిస్తాయి. ఆ అంకెల వెనుక ఒక ఉద్యోగి తడిపి నలిపి చూసిన మట్టి ముద్ద ఉందని గుర్తుంచుకోండి.

ఒండ్రును, మనిషి మెరుగుపరచిన నేలను ఒకే శ్రేణిలో పెట్టడం తెలివైన పని. కాని ఆ పద్ధతిలో ఒక లోపం ఉంది. రిజిస్టరులో అంకె ఏళ్ళ తరబడి మారదు, వరద నేల మాత్రం ఏటా మారుతుంది. ఒక వరద పొలం మీద ఇసుక మేట వేస్తే మొదటి రకం మడి బీడవుతుంది. చెరువు తెగితే మాగాణి మెట్ట అవుతుంది. ఆ ఏటికి వజా ఇవ్వవచ్చు, నేల తరగతి మాత్రం కాగితం మీద అలాగే ఉంటుంది. 1876-78 నాటి మహాకరువు బళ్ళారి జిల్లాను, అంటే అప్పట్లో దానిలో భాగమైన ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాలను కూడా, ఘోరంగా దెబ్బతీసింది. అనంతపురం ప్రత్యేక జిల్లా అయింది ఆ తరువాత, 1882లో.

మరమ్మతుల విషయంలో సర్కారు నడక నిలకడగా లేదు. గ్రామస్థులు కలిసి చెరువు పనులు చేసే పద్ధతిని కుడిమరామత్ అనేవారు. గండ్లు పడినప్పుడు శ్రమ చేయడం తప్పనిసరి చేస్తూ 1858లో మద్రాసు ప్రభుత్వం చట్టమే తెచ్చింది. శిస్తు మొత్తం పట్టణానికి పోయి, పారపని మాత్రం ఊరి మీద మిగిలినప్పుడు చట్టం ఎంతవరకు నడుస్తుంది? పూడిక తీత క్రమంగా ఎవరి పనీ కాకుండా పోయింది.

మట్టి రాని కాలం

నీటితోపాటు మట్టి కూడా వస్తేనే వరద నేల బతుకుతుంది. ఈ సంగతి ప్రపంచానికి పెద్ద ఎత్తున తెలిసింది ఈజిప్టులో. 1970లో పూర్తయిన ఆస్వాన్ ఆనకట్ట నైలు నీటిని పొలాలకు ఏడాదంతా అందించింది, ఒండ్రును మాత్రం తన వెనుకే ఆపేసింది. వేల ఏళ్ళు వరద మట్టి మీద బతికిన పొలాలు రసాయన ఎరువుల మీద ఆధారపడవలసి వచ్చింది. చిత్రావతి నైలు కాదు. జరిగిన మార్పు మాత్రం అదే జాతికి చెందినది.

ఎగువన కర్ణాటకలో బాగేపల్లి దగ్గర పరగోడు వద్ద నదికి అడ్డుకట్ట పడింది, దాని మీద రెండు రాష్ట్రాల మధ్య వివాదం నడిచింది. దారి పొడవునా చిన్న చిన్న కట్టలు వచ్చాయి. మరోవైపు నదిలోని ఇసుక లారీలకెక్కి కట్టడాలకు తరలిపోయింది. ఇసుక పోతే పోనీ, పొలానికి కావలసింది మట్టి కదా అనుకునేవారున్నారు. నది ఇసుక ఒక పెద్ద నీటి తొట్టి. వేసవిలో చెలమ తవ్వితే నీరు దొరికింది, ఊటకాలువలు పారింది, ఒడ్డు తోటల బావుల్లో నీరు నిలిచింది ఆ ఇసుక వల్లనే. ఇసుక తీసినకొద్దీ నది అడుగు దిగిపోతుంది. అడుగు దిగిన నది సులభంగా గట్టు దాటదు, గట్టు దాటని వరద పొలం మీద ఒండ్రు పరచదు. 2002 నాటి వాల్టా చట్టం బోర్లను, ఇసుక తవ్వకాన్ని నియంత్రించడానికే వచ్చింది. అమలు సంగతి మీ ఊరి నది గర్భమే చెబుతుంది.

వరదలు పూర్తిగా ఆగిపోలేదు. 2021 నవంబరులో చిత్రావతి ఒక్కసారిగా పొంగింది. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర ప్రవాహంలో చిక్కుకున్నవారిని వాయుసేన హెలికాప్టరుతో కాపాడవలసి వచ్చింది. ఏళ్ళ తరబడి ఎండి, ఉన్నట్టుండి వచ్చే ఇలాంటి వరద గట్లు కోస్తుంది, ఇసుక మేటలు వేస్తుంది. సన్నని మట్టి దిగడానికి కావలసిన నెమ్మది దానికి ఉండదు.

శ్రీశైలం నుంచి ఎత్తి తెస్తున్న హంద్రీ-నీవా నీళ్ళు ఇటీవలి ఏళ్ళలో ఈ ప్రాంతపు చెరువులకు చేరుతున్నాయి. తాగునీటికి, బోర్లు తిరిగి ఊరడానికి ఇది ఎంతో మేలు. అయితే పెద్ద జలాశయంలో తేరిన నీరు కాలువలో వస్తే ఆ చెరువు నిండుతుంది గాని, స్థానిక వంకలు తెచ్చే ఎరువు మట్టి దానితో రాదు. ఎండుతూ నిండుతూ ఉండే చెరువులోనే పూడిక తీయడం వీలవుతుంది. ఎప్పుడూ నిండి ఉండాలని కోరుకునే చెరువులో పూడిక ఎప్పుడు తీయాలో ప్రణాళికలోనే చెప్పుకోవాలి.

2015లో ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు, తెలంగాణలో మిషన్ కాకతీయ కింద పూడికతీత మళ్ళీ ప్రభుత్వ కార్యక్రమమైంది. పాత కాలంలో బండి నింపేవాడు చూసి నింపేవాడు. ఇప్పుడు యంత్రం దొరికినచోట దొరికినంత తవ్వుతుంది. అన్ని పూడికలూ పొలానికి పనికిరావని ఈ పాటికి మీకు అర్థమై ఉంటుంది. వాగు చెరువులోకి వచ్చే చోట తీసింది ఇసుక, దాన్ని ఇసుక గరపకు తోలితే దండగ. కట్ట దగ్గరి నల్లమట్టి ఎర్రనేలకు, ఇసుక గరపకు మంచిది. అదే మట్టిని పల్లంలోని బంకమడికి తోలితే మురుగు నిలుస్తుంది. చౌడు తేలిన చోటి మట్టిని ఎక్కడికీ తోలకూడదు. మరీ లోతుగా తవ్వితే చెరువు అడుగున నీరు ఇంకకుండా పట్టే పొర తెగుతుంది.

ఇక మంచి మట్టి ఎవరికి అందుతుంది అన్నది మిగిలింది. మట్టి ఉచితమే, ట్రాక్టరు బాడుగ ఉచితం కాదు. చెరువుకు దగ్గరి పొలానికి బాడుగ తక్కువ, దూరపు మెట్టకు ఎక్కువ. దగ్గరి పొలం సాధారణంగా ఆయకట్టులోనిది, అప్పటికే ఆ మట్టి నీటిని తరతరాలుగా అందుకున్నది. దూరాన ఉన్న ఎర్రటి వేరుసెనగ చేనుకే ఆ మట్టి అవసరం ఎక్కువ, దాని రైతుకే బాడుగ భరించడం కష్టం. ఇటుకల బట్టీవారు మాత్రం ఎంత దూరమైనా బాడుగ పెట్టి అదే నల్లమట్టిని తీసుకుపోగలరు.